కూతురు దిద్దిన పేపరు

దానమ్మ మురమళ్ళ పక్క పల్లెలో అంగన్‌వాడీ ఆయా. టీచరు ఆదిలక్ష్మి గారు రిటైరవబోతున్నారు. ఆ పోస్టు తనకు రావాలంటే పదో తరగతి పాసై ఉండాలి. తొమ్మిదితోనే బడి మానేసిన దానమ్మ, ముప్ఫై ఆరేళ్ల వయసులో ధైర్యం చేసి ఓపెన్ స్కూల్లో చేరింది. సరిగ్గా ఆ ఏడాదే కూతురు శారోన్ కూడా హైస్కూల్లో పదో తరగతి.

శారోన్ స్కూలు ఫస్టు వస్తుందని సార్లందరి నమ్మకం. సాయంత్రాలు తల్లీకూతుళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని చదివేవారు. తెలుగు, సోషల్ దానమ్మకు ఇట్టే వచ్చేశాయి. లెక్కలంటేనే గుండె దడ. రొయ్యల చెరువు దగ్గర పనిచేసే భర్త నూకరాజు ఆ నెలల్లోనే వంట నేర్చుకున్నాడు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేవాడు, వీళ్లు మారుమాటాడకుండా తినేవారు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పరీక్షలు వాయిదా అన్నారు. మళ్ళీ వాయిదా అన్నారు. జూన్‌లో టీవీలో చల్లగా చెప్పారు, పరీక్షలు రద్దు, అందరూ పాసేనని. కొన్నాళ్లకు ఓపెన్ స్కూలు వాళ్లనూ పాస్ చేసేశారు.

"ప్రభువు నీ మొర ఆలకించేడొదినా" అంది పక్కింటి ఏంజెల్ గోడ మీంచి. దానమ్మకూ లోలోపల సంబరంగానే ఉంది. శారోన్ మాత్రం కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది.

"ఇద్దరం పాసయ్యేం కదే, ఇంకెందుకా దిగులు?"

"నీకేంటమ్మా, గట్టెక్కేసేవు. నేను ఏడాదంతా చదివింది ఎవరికి తెలుస్తుంది? పుస్తకం ముట్టనోళ్లకీ నాకూ ఒకటే పాసు."

ఆ మాట దానమ్మకు గుచ్చుకుంది. చదివింది తనూ కదా. ఆ పూటంతా ఆలోచించి, మర్నాడు కూతురి ముందుకొచ్చి నిలబడింది.

"లెక్కల పేపరు నువ్వే ఇయ్యి. రాస్తాను."

శారోన్ మూడు రోజులు పాత పేపర్లు తిరగేసి కొత్త పేపరు తయారుచేసింది. ఆ మూడు రోజులూ కడుపునిండా తింది. ఆదివారం కొబ్బరిచెట్ల నీడన బల్ల వేసి, తల్లిని కూర్చోబెట్టి, వాచీ పట్టుకుని చుట్టూ తిరిగింది. దాహమేస్తోందన్నా లేవనివ్వలేదు. ఎర్రపెన్నుతో దిద్ది ముప్ఫై రెండు వేసింది. పాసవ్వాలంటే ముప్ఫై అయిదు రావాలి.

"కన్నతల్లికి మూడు మార్కులు కలపలేవా అమ్మా?" అన్నాడు నూకరాజు.

"జవాబులే ఉన్నాయి నాన్నా, స్టెప్పులేవి?"

దానమ్మ పేపరు చూసుకుని నవ్వేసింది. "నిజమే. మళ్ళీ రాస్తానుండు" అంది. రెండు వారాలు కష్టపడి రెండోసారి నలభై ఏడు తెచ్చుకుంది.

గవర్నమెంటు పాస్ చేసినావిడను కూతురు ఫెయిల్ చేసిందని ఊరంతా నవ్వుకున్నారు. అది విని శారోన్ క్లాసు పిల్లలు ఆరుగురు, మూతికి మాస్కులతో వచ్చి, తామూ రాస్తామన్నారు. లెక్కల సారు శివశంకర్ గారు ఫోన్లో కొత్త పేపరు పంపారు. శారోన్ కూడా వాళ్లతోపాటే కూర్చుని రాసింది. సారే దిద్దారు. శారోన్‌కు తొంభై నాలుగు వచ్చాయి. ఎప్పుడూ వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునే మధుబాబుకు తొంభై అయిదు.

శారోన్ అతని పేపరు తీసుకుని మార్కులు రెండుసార్లు కూడింది. లెక్క సరిగ్గానే ఉంది.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావురా నువ్వు?" అని అడిగింది. మధుబాబు సిగ్గుపడుతూ తలదించుకుంటే శారోన్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఆమె నెలరోజుల దిగులు కొట్టుకుపోయింది.

చలికాలంలో దానమ్మకు అమలాపురంలో ఇంటర్వ్యూ జరిగింది. సర్టిఫికెట్ చూసి ఆఫీసరమ్మ, "కరోనా పాసా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్, అవునండి. గవర్నమెంటువారు రాయకుండానే పాస్ చేసేరండి. మా అమ్మాయి రాయించి ఫెయిల్ చేసిందండి. రెండోసారికి పాసయ్యేనండి" అంటూ సంచిలోంచి రెండు పేపర్లూ తీసి బల్ల మీద పెట్టింది.

ఆవిడ ఎర్రగీతలు చూసి, అందులోంచి ఒక లెక్క ఎంచి, "ఇది ఇక్కడ చెయ్యండి" అన్నారు. దానమ్మ ఒక్క స్టెప్పు వదలకుండా చేసి చూపించింది.

నెల తిరగకుండానే ఆర్డరు వచ్చింది. అప్పటికి శారోన్, మధుబాబు ఒకే కాలేజీలో ఇంటర్ చదువుతూ ప్రతి పరీక్షకూ పోట్లాడుకుంటున్నారు. దానమ్మ టీచరు కుర్చీలో కూర్చున్న మొదటిరోజు, పిల్లలంతా ఎప్పటిలాగే "ఆయమ్మా" అని పిలిచారు. ఆమె ఎప్పటిలాగే పలికింది.