కడిగిన పచ్చ

పోయే ముందు మామగారు ఆ పచ్చను పెద్దకోడలి చేతిలో పెట్టాడు. "నీ దగ్గరైతే శుభ్రంగా ఉంటుందమ్మా. దూదిలోంచి మాత్రం తియ్యకు," అన్నాడు. ఆ రెండు మాటల్లో ఆమె మనసులో నిలిచింది మొదటిదే.

ఆయన బతికినంతకాలం కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీశాడు. యజమాని దుకాణం ఎత్తేసి వెళ్ళిపోతూ తన గుర్తుగా ఆ రాయి ఇచ్చాడు. పావురం గుడ్డంత ఉంటుంది. ఒక కొస చిక్కటి ఆకుపచ్చ, రెండో కొసకు వచ్చేసరికి నీలం. ఉంగరానికి మరీ పెద్దది, అమ్ముకోవడానికి మనసు రానిది. రేకు డబ్బాలో దూది మధ్య ఉండిపోయింది. కొడుకులిద్దరూ చిన్నప్పుడు దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూసేవారు. లోపల సన్నటి నల్లని ఆకారం ఒకటి ఉండేది. పెద్దవాడు దాన్ని పడవ అనేవాడు, చిన్నవాడు చేప అనేవాడు. ఆ విషయం మీద ఎన్నోసార్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

ఇప్పుడు పెద్దవాడు లేడు. అతని భార్య కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. చిన్నవాడు, అతని భార్య పై వాటాలో ఉంటారు. రాయి రెండు వాటాలకూ చెందినది, ఉండేది కింద. ఇంతకాలం ఎవరూ దాని ఊసెత్తలేదు. పక్క వీధిలో దొంగలు పడ్డాక చిన్నకోడలు ఎత్తింది.

"బీమా చేయిద్దాం అక్కా. గుండెల మీద కుంపటిలా ఎందుకు?"

"చేయించండి. నా దగ్గర ఉంటే చాలు," అంది పెద్దకోడలు.

బీమా చేయాలంటే ముందు విలువ కట్టించాలి. ముగ్గురూ కలిసి డబ్బా పట్టుకుని విలువ కట్టే ఆయన దగ్గరికి వెళ్ళారు. మేడ మీద ఇరుకు గది, ఉత్తరం వైపు పెద్ద కిటికీ, బల్ల మీద తెల్ల గుడ్డ. ఆయన రాయిని తీసి కిటికీ వైపు తిప్పి చూసి, ఈల వేయబోయి ఆగాడు.

"ఇలాంటిది నేను చూడలేదమ్మా. దీన్ని తీరిగ్గా చూడాలి. వచ్చేవారం రండి, బీమా ఆయన్నీ పిలుస్తాను."

రాయిని డబ్బాలో పెట్టేశాక జేబురుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. తెల్ల గుడ్డ మీద రాయి ఉన్నచోట జిడ్డు మచ్చ పడింది. పెద్దకోడలు రెండూ చూసింది.

ఆమె ఇంట్లోకి చీమ కూడా కాళ్ళు కడుక్కుని రావాలని చిన్నకోడలు అందరితో అంటుంటుంది. అలాంటి మనిషి ఇంటి జిడ్డు పరాయివాడి చేతికి అంటింది. ఆ వారంలో ఒకరోజు ఆమె గిన్నెలో మరిగే నీళ్ళు పోసి, గిన్నెలు తోమే సబ్బు వేసి, రాయిని అందులో నానబెట్టింది. పాత పళ్ళ బ్రష్షుతో రుద్దింది. నీళ్ళు మార్చి మళ్ళీ రుద్దింది. ఎండలో ఆరబెట్టి, జిడ్డు దూది పారేసి, కొత్త దూదిలో పెట్టింది. ఇక చూడకుండా మూత వేసేసింది.

వారం తిరిగింది. బల్లకు ఒక పక్క విలువ కట్టే ఆయన, బీమా ఆయన. రెండో పక్క వీళ్ళు ముగ్గురు. డబ్బా తెరిచారు.

రాయి పాలిపోయింది. అంచు నుంచి అంచుకు తెల్లటి పగుళ్ళు, చలికాలం పెదవుల్లా. నీలం ఉందో లేదో తెలియడం లేదు.

ముందు మాట్లాడింది చిన్నకోడలు. "ఇది మన రాయి కాదు."

"ఏంటే ఆ మాట?" అంది పెద్దకోడలు.

"మీరే చెప్పాలి. ఉండేది మీ దగ్గర, తాళం మీ కొంగుకి."

పెళ్ళై వచ్చినప్పటి నుంచి "నువ్వు" అన్న మనిషి "మీరు" అంది. ఆ గదిలో దాని అర్థం తెలిసినది ఇద్దరు ఆడవాళ్ళకే.

చిన్నవాడు ఇద్దరి వైపూ చూడకుండా రాయి వైపే చూశాడు. "అయ్యా, ఆరోజు మీరు చూసింది ఇదేనా?"

"ఆరోజు తూకం వెయ్యలేదు, భూతద్దం పెట్టలేదు. ఇదే అని ప్రమాణం చెయ్యలేను." ఆయన పెద్దకోడలి వైపు తిరిగాడు. "అమ్మా, ఈ వారంలో దీన్ని ఏమైనా చేశారా?"

"ఏమీ చెయ్యలేదు."

"వేడి తగిలిందా? కింద పడిందా?"

"అయ్యో, లేదండీ. కడిగానంతే."

ఆయన చేతిలోని భూతద్దం బల్ల మీదికి దిగింది. "దేంతో?"

"మరిగే నీళ్ళతో. సబ్బేసి. శుభ్రంగానే కడిగాను."

"అమ్మా, పచ్చల్లో పుట్టుకతోనే సన్న పగుళ్ళు ఉంటాయి. అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. ఆరోజు నా వేళ్ళకి అంటింది మురికి కాదు, ఆ నూనె. మీరు దాన్ని లాగేశారు."

పెద్దకోడలికి జిడ్డు దూది గుర్తొచ్చింది. మామగారు అప్పుడప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని డబ్బా ముందు కూర్చోవడం గుర్తొచ్చింది. వయసు మీదపడి రాయితో మాట్లాడుతున్నాడని అప్పట్లో అనుకుంది.

"కడిగిన రాయి ఇలా ఉంటుందని మీరంటున్నారు," అంది చిన్నకోడలు. "మార్చిన రాయి కూడా ఇలాగే ఉంటుందిగా? నూనె మాట నిజమే కావచ్చు. ఇది మా రాయేనని ఎవరు చెప్తారు?"

బీమా ఆయన కలం మూత పెట్టాడు. ఏ రాయో తేలకుండా తాను ఏమీ రాయలేనన్నాడు. పెద్దకోడలు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రాయి చిన్నకోడలికి పోతే పోనీ అనుకోగలదు. దొంగ అనిపించుకుని ఆ కింది వాటాలో ఎలా ఉండాలో మాత్రం ఆమెకు తోచలేదు.

"లోపల చేప ఉండాలి," అన్నాడు చిన్నవాడు ఉన్నట్టుండి.

"చేపా?" అన్నాడు బీమా ఆయన. "ప్రాణం ఉన్నవాటికి మా దగ్గర వేరే పాలసీ అండీ."

ఎవరూ నవ్వలేదు.

"నీలం వైపు కొసలో ఉంటుంది. నల్లగా, సన్నగా. నేనూ అన్నయ్యా రోజూ చూసేవాళ్ళం. అది ఉంటే మా రాయే."

విలువ కట్టే ఆయన భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశాడు. పగుళ్ళ తెలుపు తప్ప ఏమీ దొరకలేదు. ఆయన లేచి చిన్న గాజుగిన్నె తెచ్చి, నీళ్ళలా తేటగా ఉన్న నూనె పోసి, రాయిని అందులోకి జారవిడిచాడు. లోపలిది కనబడేలా గిన్నె కింద దీపం వెలిగించాడు.

"కాసేపు ఆగాలి."

ఆగారు. బీమా ఆయన టీ తెప్పించాడు. పెద్దకోడలు కప్పు ముట్టుకోలేదు. చిన్నకోడలు తన కప్పు అంచు మీది మరకను కొంగుతో తుడిచి, మళ్ళీ కింద పెట్టేసింది.

నూనెలో రాయి మెల్లగా తేరుకుంది. ముందు అంచుల్లో తెలుపు తగ్గింది. తరువాత ఆకుపచ్చ, అటు చివర నీలం. చిన్నవాడు కుర్చీ జరుపుకుని గిన్నె మీదికి వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఉందా?" అంది చిన్నకోడలు.

"ఉంది."

"చేపేనా?"

అతను తల ఒక పక్కకు వంచి, ఇంకో పక్కకు వంచి చూశాడు. "పడవలా ఉంది వదినా. అన్నయ్యే కరెక్టు."

"ఏదీ?" అని పెద్దకోడలు లేచి వచ్చింది. అతను వేలితో చూపించిన చోట భూతద్దం లోంచి చూసింది. "ఎక్కడయ్యా పడవ?"

"అదిగో, ఆ నల్లటిది."

"ఇదా!" అంది ఆమె. "మురికనుకున్నాను. బ్రష్షు అరిగిపోయేదాకా తోమాను. పోలేదు."

చిన్నకోడలు ముఖం తిప్పుకుంది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాడు చిన్నవాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోలేకపోయింది.

విలువ కట్టే ఆయన రాయిని తూచాడు, కొలిచాడు. మళ్ళీ సరిగా నూనె పట్టిస్తే చాలావరకు పాత రంగు వస్తుందని, పూర్తిగా మాత్రం చెప్పలేనని అన్నాడు. బీమా ఆయన కలం మూత తీశాడు. రాయి ఎవరి దగ్గర ఉంటుందని అడిగాడు.

చిన్నవాడు భార్య వైపు చూశాడు.

"అక్క దగ్గరే," అంది చిన్నకోడలు. "నీళ్ళు తగలకూడదని కూడా ఒక షరతు రాసుకోండి. నువ్వు విన్నావా అక్కా?"

"విన్నాన్లేవే," అంది పెద్దకోడలు. చల్లారిపోయిన టీ కప్పు అందుకుని తాగింది.