వెస్లీ వద్దన్న ఇంజెక్షన్

చిల్లకల్లులో లారీ కింద పని చేస్తుండగా జాకీ జారి మెకానిక్ వెస్లీ తొడ ఎముక విరిగింది. తల్లి లూర్దమ్మ అతన్ని నందిగామ ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ ఉషశ్రీ వచ్చి అడిగింది.

“తాగుడు, మత్తుమందుల అలవాటు ఏమైనా ఉందా?”

“మావాడికి అట్టాంటియ్యేం లేవండి. ఆదివారం చర్చిలో డోలక్ కొడతాడు,” అని లూర్దమ్మే జవాబిచ్చింది.

వెస్లీ కళ్లు దించుకున్నాడు. ఉషశ్రీ ఆవిడని కాఫీ తాగి రమ్మని పంపి, తలుపు దగ్గరికి వేసింది.

“ఇప్పుడు చెప్పండి. నిజం తెలియకపోతే నేనిచ్చే మందే మీకు ప్రమాదం.”

అతను చెప్పాడు. నడుం నొప్పికని మొదలైన ఇంజెక్షన్ అలవాటైపోయింది. తనే పొడుచుకునేవాడు. పోయిన ఏడాది, పని మీద వెళ్తున్నానని అమ్మకి చెప్పి, విజయవాడలో చికిత్స చేయించుకుని మానేశాడు.

“అది మాత్రం మళ్లీ ఇవ్వొద్దండి. నొప్పి ఎంతైనా ఓర్చుకుంటా.”

“ఓర్చుకోనక్కర్లేదు. నొప్పి ఎక్కువైతే మనసు మళ్లీ అటే లాగుతుంది. ఆ మందు లేకుండానే కాలు మొద్దుబారేలా చేస్తా.”

వెన్నులో మత్తు ఇచ్చి, తొడ దగ్గర సన్నటి గొట్టం పెట్టి, మొద్దుబార్చే మందు కొద్దికొద్దిగా ఎక్కించింది. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు “నొప్పే లేదండీ!” అని వెస్లీ నవ్వాడు.

ఇంటికి పంపే రోజు ఉషశ్రీ అతని పక్కన కూర్చుంది.

“గొట్టం తీసేశాం. కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, ఎప్పుడైనా ఫోన్ చేయండి. మానేశారు కాబట్టి, ఆ ఇంజెక్షన్ పాత మోతాదు ఇప్పుడు మీ ఒళ్లు తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోతుంది. ఇంట్లో ఒక్కరికైనా ఈ సంగతి తెలియాలి. అమ్మకి నన్ను చెప్పమంటారా?”

“వద్దండి, తట్టుకోలేదు. నేనే చెప్తా, నిదానంగా.”

నెల తిరక్కుండానే లూర్దమ్మ ఒక్కతే వచ్చింది. వెస్లీ పోయాడు. మంచం మీద సిరంజి దొరికిందట.

“మీకు చెప్పాడా, డాక్టరమ్మా?”

“చెప్పాడమ్మా. మీకు తనే చెప్తానన్నాడు.”

“నాకెప్పుడో తెలుసు. చొక్కాలుతికేటప్పుడు వాటి చేతుల మీద నెత్తుటి మరకలు కనపడేయి. అడిగితే సిగ్గుపడి ఎటన్నా పోతాడేమోనని అడగలా. ఆరోజు మీ ముందరా అందుకే అబద్ధమాడా.”

ఉషశ్రీ ఆవిడ చేయి పట్టుకుంది.

“వాడు పోయిన్రోజు మధ్యాన్నం గురక వినపడిందమ్మా, పెద్ద గురక. ఇంటికొచ్చిన కాడ్నించి నొప్పికి కన్నుమూసింది లేదు. ఇయ్యాళన్నా నా బిడ్డ కంటినిండా నిద్రపోతున్నాడనుకున్నా. తలుపు దగ్గరికేసి, ఈధిలో ఆడుకునే పిల్లల్ని అరవొద్దని అటు తోలా.”

మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నప్పుడు వచ్చే గురక ఉషశ్రీకి బాగా తెలుసు.

“నిద్రలోనే పోయాడంటారా? బాధపళ్లేదుగా?”

“లేదమ్మా. బాధపడలేదు.”

లోపల ఆపరేషన్‌కి పిలుస్తున్నారు. ఇంకాసేపు ఆగమని చెప్పి, ఉషశ్రీ ఆ చేయి వదలకుండా అక్కడే కూర్చుంది.