గువ్వ చెప్పిన మాట

గువ్వకి ఏడేళ్లొచ్చినా ఇంకా పక్క తడిపేది. అమ్మ బస్సు డ్రైవరు. తెల్లారకముందే డిపోకి వెళ్లిపోయేది కాబట్టి తడి దుప్పటి అమ్మమ్మ పాలబడేది. ఆవిడ దాన్ని కావాలనే వీధి వైపు దండెం మీద ఆరేసేది. "నలుగురూ చూస్తే సిగ్గొచ్చి అదే మానుతుంది" అనేది. గువ్వ సిగ్గుపడింది గానీ, మానలేదు.

మాటా అంతంతమాత్రమే. "నిన్న పడతాను బడిలో" అంటూ మోకాలి దెబ్బ చూపించేది. ఏం చెప్పినా మాత్రం బుద్ధిగా తలూపేది.

ఓ సెలవు రోజున అమ్మ దాన్ని పిల్లల డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ పరీక్ష చేసి, చేతికో బొమ్మ ఇచ్చి, "తలుపు వేసే ముందు ఈ బొమ్మని కుర్చీ మీద పెట్టు" అంది. గువ్వ తలూపింది. వెళ్లి తలుపు వేసి, బొమ్మ పట్టుకుని అలాగే నిలబడింది.

అమ్మ డాక్టరమ్మ వైపు తిరిగింది. "పడుకునే ముందు బాత్రూముకి వెళ్లమని రోజూ చెబుతాను, తలూపుతుంది. అంటే దీనికి అర్థమే కావడం లేదా?"

"మాట పొడుగైతే అర్థం కాకపోవచ్చు. అయితే పక్క తడపడానికి అదే కారణమనుకోకండి. నిద్రలో జరిగేది దాని చేతిలో లేదు. కొంతమంది పిల్లల్లో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. రెండిటికీ దారుంది. ముందు వినికిడి పరీక్ష, ఆ తర్వాత మాటలు నేర్పే టీచరు. తిట్లు మాత్రం వద్దు."

ఇంటికి రాగానే అమ్మ వీధి దండెం విప్పేసింది.

"ఏమిటే ఈ తలబిరుసు? నిన్ను నేనిలాగే పెంచానా?" అంది అమ్మమ్మ.

"నన్నెలా పెంచినా సరేనమ్మా. దీని దుప్పటి ఇక వీధికెక్కదు."

డ్రైవరమ్మ పట్టు పట్టిందంటే ఉడుంపట్టే. పోట్లాడి మరీ పగటి డ్యూటీ వేయించుకుంది. వినికిడి బాగానే ఉందని తేలాక, సాయంత్రాలు టీచరు దగ్గరికి తిప్పింది. ఇంట్లో మాటలు చిన్న ముక్కలు చేసింది. "ముందు బాత్రూము." అదయ్యాక, "ఇప్పుడు మంచం." కొన్నాళ్లు గోడకి చెప్పినట్టే ఉంది. అయినా వదల్లేదు. మెల్లమెల్లగా పొడి పక్కలు పెరిగాయి. తడిసే రోజులూ లేకపోలేదు.

అలాంటి ఓ ఉదయం పక్కింటావిడ వచ్చింది. అమ్మమ్మ అలవాటు కొద్దీ, "ఇవాళ కూడా మా గువ్వ..." అని మొదలెట్టింది.

గువ్వ వచ్చి ఎదురుగా నిలబడింది. మాట కోసం వెతుక్కుంది. అందించబోయిన అమ్మ పెదవి బిగబట్టింది.

"అమ్మమ్మా, నా దుప్పటి సంగతి... ఎవరికీ చెప్పొద్దు. నేనే ఉతుకుతాను."

పక్కింటావిడ పనుందంటూ లేచింది. అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుని లేస్తూ, "పద, బకెట్టు బరువు. ఓ చెయ్యి నేనూ వేస్తా" అంది.