జబ్బుకి బారసాల

సన్యాసిరావు కూతురి కుడికాలు పదకొండు రోజులుగా నిద్రపోతోంది. మిగతా పిల్లంతా మెలకువగానే ఉంది. అన్నం తింటోంది, ఎక్కాలు అప్పజెబుతోంది, కాకుల్ని అదిలిస్తోంది. కాలు మాత్రం సన్నగా గురకపెడుతోంది.

ముందు చిటికెనవేలు పడుకుంది. మర్నాటికి దాని పక్కది. ఇప్పుడు నిద్ర మోకాలు దాటింది. తల్లి భూలక్ష్మి రోజూ పొద్దున్నే నిద్ర అంచున పసుపుతో గీత గీస్తుంది. సాయంత్రానికి నిద్ర ఆ గీత దాటి నాలుగు వేళ్ళు పైకి పోయి ఉంటుంది. కళ్ళదాకా ఎక్కితే పిల్ల ఇక లేవదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట పైకి అనరు.

సన్యాసిరావు రైలు గేటు వేసే మనిషి. పై ఆఫీసరు సెలవు ఇవ్వలేదు గాని, రైళ్ళు ఒప్పుకున్నాయి. అతను ఆసుపత్రికి వెళ్ళిన పూట అవే ఆగి, గేటు వేసుకుని, దాటాక మళ్ళీ తీసి వెళ్తున్నాయి.

ఆసుపత్రిలో ఒక డాక్టరు గదిలోంచి ఇంకో డాక్టరు గదికి తలుపు ఉంది. ఏడుగురు డాక్టర్లు ఏడుసార్లు మోకాలి దగ్గర చెవి ఆనించి విన్నారు. ఏడో ఆయన అందరికంటే పెద్దవాడు. పిల్ల కాలు లేస్తుందేమోనని గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"దేశం మొత్తం మీద ఇదొక్కటే. మందుల గదిలో అడిగి చూడు."

మందుల గది ఈ చివర నిలబడితే ఆ చివర కనిపించదు. అడుగు వేసినకొద్దీ ఇంకో అడుగు పొడుగవుతోంది. గోడల పొడుగునా బీరువాలు, ఒక్కో బీరువా మీద ఒక్కో అక్షరం. మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"జబ్బు పేరు?"

"పేరు లేదమ్మా. కొత్తదంట."

"పేరు లేకపోతే ఏ అక్షరం కింద వెతకమంటావు బాబూ? ఉన్న మందులు లక్ష. 'అ' దగ్గర మొదలెడితే 'ఆ' దగ్గరికి వచ్చేసరికి నా రిటైర్మెంటు వస్తుంది."

"మరి ఎలాగమ్మా?"

"మీ వైపు పుట్టిన ఎన్నో రోజున పేరు పెడతారు?"

"పదకొండో రోజున."

"ఇవాళ ఎన్నో రోజు?"

సన్యాసిరావు వేళ్ళు మడిచి చూసుకుంటాడు. ఆవిడ చిక్కుడు గింజ ఒకటి పళ్ళెంలో వేసి, "మరి ఇక్కడేం చేస్తున్నావు? పో, పో," అంటుంది.

మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉయ్యాల కట్టేశారు. జబ్బుకి బారసాల అంటే వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. భోజనాలు ఉన్నాయా, ఫలహారాలేనా అని మాత్రం అడిగారు. పిల్ల పేరు కిన్నెర. పీట మీద కూర్చుని కుడికాలు ఒక్కటీ ఉయ్యాలలో పెట్టింది. ఎవరో వచ్చి ఆ కాలికి దిష్టిచుక్క పెట్టబోతే భూలక్ష్మి చెయ్యి పట్టుకుని ఆపింది.

"దీనికి దిష్టి తగలాలనే కదండీ మా ఏడుపు!"

పేరు పిలవాల్సింది మేనత్త. సన్యాసిరావు అప్ప అప్పయ్యమ్మ పాలకొండ నుంచి బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"ఏటి పేరు అనుకున్నార్రా తమ్ముడా?"

"ఏదో ఒకటి అప్పా. మంచి పేరు మాత్రం వద్దు. మంచి పేరు పెడితే ఎదిగిపోతాది."

"అయితే పెంటమ్మ అని పెట్టెయ్."

"పెంటమ్మ అంటే మృత్యువు కూడా ముట్టదు కదా వదినా. మరీ గట్టిగా బతుకుతాది," అంది భూలక్ష్మి.

అందరూ ఆలోచనలో పడ్డారు. మంచి పేరు పెడితే పెరుగుతుంది. చెడ్డ పేరు పెడితే చావదు. మంచీ చెడూ కాని పేరు ఎవరికీ తోచడం లేదు.

"గుర్రమ్మ," అంది కిన్నెర.

"ఏటే గుంటా?"

"గుర్రు గుర్రుమంటాది కదా అత్తా. నేను అలాగే పిలుస్తన్నాను దాన్ని. పలుకుతాది కూడా."

సన్యాసిరావు ఉంగరం తీసి పళ్ళెంలో బియ్యం మీద ఆ పేరు రాశాడు. అప్పయ్యమ్మ వంగి, మోకాలి దగ్గర నోరు పెట్టి, "గుర్రమ్మా, గుర్రమ్మా, గుర్రమ్మా" అని మూడుసార్లు పిలిచింది. గురక ఆగింది. ఎవరో తలెత్తి చూసినట్టు కాలు ఒకసారి కదిలింది. ఇక అప్పయ్యమ్మ అక్షింతలు అందుకుని, యాభై ఏళ్ళుగా ఎన్ని ఉయ్యాలల మీద అన్నదో ఆ మాటే అనేసింది.

"వెయ్యేళ్ళు చల్లగా వర్ధిల్లు తల్లీ!"

అక్షింతలు పడ్డాయి. నిద్ర మోకాలి పైనుంచి లేడిపిల్లలా గెంతి, నడుము దాటి, పొట్ట దాటి, గుండెల కింద ఆగింది.

"ఒలమ్మో! నానేటి సేసినానురా తమ్ముడా! నోరు జారిపోనాది!" అని అప్పయ్యమ్మ నోటి మీద కొట్టుకుంటోంది.

పెద్ద ముత్తైదువ నోటి మాట వట్టిపోదని నమ్మి బతికిన మనిషి సన్యాసిరావు. ఆ నమ్మకాన్ని ఇప్పుడు ఎక్కడ దింపుకోవాలో తెలియక, చేతిలో పట్టుకునే ఆసుపత్రికి పరుగెడతాడు.

మందుల గదిలో ఆవిడ 'గ' బీరువా తెరిచి సీసా తీసింది. గుర్రమ్మ అని రాసి ఉంది. బిరడా ఎంత తిప్పినా రాలేదు. ఆవిడ సీసాని దీపం ముందు పెట్టి చూసి పెదవి విరిచింది.

"దీన్ని ఎవరో దీవించారు బాబూ. దీవెన మీద మందు పని చెయ్యదు."

"పొరపాటున అన్న మాటమ్మా. వెనక్కి తీసుకుంటాం."

"వెనక్కి తీసుకున్న దీవెనని శాపం అంటారు. ఆ పని ఇక్కడ చెయ్యం." ఇంకో చిక్కుడుకాయ అందుకుని, "ఎక్కడ వర్ధిల్లాలో చెప్పారా?" అంది.

"లేదమ్మా. వర్ధిల్లమన్నారు, అంతే."

"అయితే దాని ఇల్లు మార్పించు."

"నా దగ్గరికి రమ్మంటాను. నా కాళ్ళు ఇచ్చేస్తాను."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి అతన్ని కిందికీ మీదికీ చూసింది. "నువ్వు ఉంటే ఇంకో నలభై ఏళ్ళు ఉంటావు. ఆ తర్వాత అది ఎక్కడికి పోతుంది? దానికి ఎరిగిన ఇల్లు మీదొక్కటే కదా. మనవల్ని వెతుక్కుంటూ వస్తుంది."

సన్యాసిరావు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెయ్యేళ్ళు ఉండేవాళ్ళ గురించి ఆలోచిస్తాడు. కొండలు ఉంటాయనుకుంటే వాటిని కంకర చేసేస్తున్నారు. సముద్రం ఏదిచ్చినా మూడో రోజుకి ఒడ్డున పడేస్తుంది. ఇక మిగిలింది ఒక్కరే. ఆయన పేరు తలుచుకోగానే భయం వేసి లెంపలు వేసుకుంటాడు. లెంపలు వేసుకున్నాక కూడా ఆ ఆలోచన పోలేదు.

కిన్నెరని రెండు చేతుల మీదా ఎత్తుకుని గుట్ట ఎక్కుతున్నాడు. నిద్ర గడ్డం కింద ఉంది. మెట్లు అతని కంటే ముందు ఎక్కి, పైన నిలబడి ఎదురుచూస్తున్నాయి.

"నాన్నా, నా పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి."

"ఎక్కాలు చెప్పమ్మా. పన్నెండో ఎక్కం."

"పన్నెండు ఒకట్ల పన్నెండు..." ఆరో మెట్టు దగ్గర మాట ఆగిపోయింది. కళ్ళు మాత్రం చెబుతున్నాయి.

గుట్ట మీద వేణుగోపాలస్వామి. ఎడమకాలి మీద నిలబడి, కుడికాలు అడ్డంగా వేసి, బొటనవేలు నేలకి ఆనించి ఉంటాడు. పక్కనుంచి చూస్తే ఆ కుడికాలి అరికాలు కాస్త కనిపిస్తుంది. అర్చకుడు శేషాచార్యులు సంగతంతా విని రెండు చెవులూ మూసుకున్నాడు.

"స్వామి పాదానికి పిల్ల పాదమా? చేత్తో ముట్టుకోనిచ్చినా పాపమే నాయనా!"

"నిద్రపోయింది ముందు కాలే కదండీ స్వామీ. వచ్చిన దారినే కదా పోవాలి?"

శేషాచార్యులు ఆ మాటకి చాలాసేపు తల పంకించాడు. తర్వాత స్వామి వైపు తిరిగి, మెల్లిగా, తనతో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"మా ముత్తాతల దగ్గర్నుంచీ రోజూ కోడికంటే ముందు లేపుతున్నాం. ఇంకాసేపు పడుకుంటావా అని ఒక్కరం అడగలేదు." అని తలుపు పక్కకి జరిగాడు.

సన్యాసిరావు లోపలికి అడుగు పెట్టాడు. ఇన్నేళ్ళలో గర్భగుడి గడప తొక్కని మనిషి. 'నువ్వు పంపినదో, దానంతట అది వచ్చినదో నాకు తెలీదు. పాపమైతే నాకు రాసుకో. పిల్లకి రాయకు,' అని మనసులో అనుకుని, కూతురి అరికాలిని ఆ నల్లని అరికాలికి ఆనించాడు.

రాయి వెచ్చగా ఉంది. గురక ఇటునుంచి అటు పోతోంది, వాగు దాటే మేకల మందలా, ఒకటొకటిగా. కిన్నెర పెదాలు కదిలాయి. మెడ, భుజాలు, నడుము. చివరికి చిటికెనవేలు.

"...ఆర్ల డెబ్బై రెండు," అంది పిల్ల. కిందికి దిగి, గెంతి చూసుకుని, నీళ్ళు కావాలంటూ మెట్ల మీదుగా పరుగెత్తింది.

స్వామి రెప్పలు వాలిపోతున్నాయి. పిల్లనగ్రోవి చేతిలోంచి జారింది. నిద్రపోయే మనిషి ఎంత బరువో అంత బరువుతో స్వామి ముందుకు ఒరిగి, సన్యాసిరావు భుజం మీద తల ఆనించాడు.

"కదలకు!" అన్నాడు శేషాచార్యులు గుసగుసగా. "కదిలావా, లేస్తాడు. లేచాడా, అది మళ్ళీ పిల్ల దగ్గరికి పోతుంది."

"మరి దర్శనానికి జనం ఉన్నారు కదండీ."

"తెర తియ్యక తప్పదు. నువ్వు ఆ పీఠం మీద నిలబడు. కళ్ళు తెరిచి ఉంచు. అంతకు మించి స్వామి కూడా ఏమీ చెయ్యడు."

సన్యాసిరావు పీఠం ఎక్కి, స్వామిని భుజాన వేసుకుని, కుడికాలు అడ్డంగా వేసి నిలబడ్డాడు. తెర తొలిగింది.

వరసలో ముందు ఒకావిడ ఉంది. చేతిలో ఆరేళ్ళ కొడుకు. వాడు ఏడుస్తున్నాడు, వాడి జబ్బుకి ఇవాళ్టి ఏడుపు రేపు వినిపిస్తుంది. ఆవిడ కొబ్బరికాయ కింద పెట్టి, స్వామి అనుకుని సన్యాసిరావు కళ్ళలోకి సూటిగా చూస్తోంది.

"వింటున్నావా అసలు?"

ప్రతి అక్షరమూ వింటున్నాడు సన్యాసిరావు. ఆ జబ్బుకి పేరు పెట్టు తల్లీ, పెట్టాక మాత్రం దీవించకు అని చెప్పాలని ఉంది. నోరు మెదిపితే స్వామి లేస్తాడు. అప్పుడు భుజం మీది స్వామి, కథ వింటూ నిద్రలోకి జారిన పిల్లవాడిలా, చెవి పక్కన "ఊఁ" అంటాడు. ఆవిడకి వినపడలేదు. వరస ముందుకు జరుగుతుంది. అప్పు గురించి ఒకాయన, అత్తగారి గురించి ఒకామె. ఒక్కొక్క మొరకీ ఒక్కొక్క "ఊఁ".

అందరి వెనక రెండు కాళ్ళ మీద కిన్నెర నిలబడి ఉంది. మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

"స్వామీ, మా నాన్న ఎక్కడికో పోయాడు. వెతికి పెట్టవా?"

రెప్ప వెయ్యకూడదు. సన్యాసిరావు చూస్తూనే ఉన్నాడు. స్వామి నిద్రలో చిన్నవాడవుతున్నాడు. ఇప్పుడు ఏడాది పిల్లాడంత ఉన్నాడు, పాలపళ్ళు కొరుకుతున్నాడు. "ఊఁ" అన్నాడు. ఆ ఊపిరికి హారతి వెనక్కి వంగింది, గర్భగుడి గోడలు ఉయ్యాలలా ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిలాయి. సన్యాసిరావు ఒక చేత్తో ఆ చిన్న వీపు మీద జోకొడుతున్నాడు, కూతురి ముఖం మీంచి చూపు తిప్పకుండా.