మోసే ఫోన్

కాఫీ గదిలో యంత్రానికి నీళ్లు నింపుతూ హెల్కా ఫోన్ చూసుకుంది. మళ్లీ చచ్చింది. ఇంకా పదకొండు కూడా కాలేదు.

"బ్యాటరీ ముసలిదైపోయింది, మనలాగే," అంటూ నిన్ననే రైమో కొత్త ఫోన్ చేతిలో పెట్టాడు. రైమో ఆమె పైఅధికారి. ఆ కొత్తదీ ఇలాగే అయింది.

ఔలు నగరంలోని ఆ ఆఫీసులో వాళ్లు తయారుచేస్తున్నది సెల్ టవర్లు అందని ఉత్తరపు అడవుల కోసం ఒక సందేశాల యాప్. ఒకరి సందేశం దగ్గర్లో ఉన్న ఫోన్‌లోకి, అక్కణ్ణించి మరో ఫోన్‌లోకి, అలా చేరవలసినవాళ్లకి చేరుతుంది. నలభైమంది ఉద్యోగుల ఫోన్లలో వారంగా పరీక్ష నడుస్తోంది. ఎక్కువమందిని కలిసే ఫోన్ మీదే బరువు వెయ్యాలన్న నియమం హెల్కాదే. రాసిన రోజున ఎంత మురిసిపోయిందో.

మర్నాడే తుది సమీక్ష. సీటుకి వచ్చి పరీక్ష వివరాలు తెరిచింది. వారమంతా తిరిగిన సందేశాల్లో మూడో వంతు ఆమె ఫోనే మోసింది. అందులో ఆమె సొంతవి తొమ్మిదే.

అవును మరి, ఈ అంతస్తులో అందరినీ కలిసేదెవరు? కాఫీ పెట్టేది, పుట్టినరోజు కార్డు మీద బల్లబల్లకీ తిరిగి సంతకాలు పెట్టించేది, కొత్తగా చేరినవాళ్లకి అలమరలు చూపించేది తనేగా. ఇంట్లో మాత్రం? అత్తగారు లెంపి కొడుక్కి నేరుగా ఫోన్ చెయ్యదు. "వాడికి విసుగమ్మా. నా మోకాలి ఆపరేషన్ తేదీ వచ్చిందని నువ్వే మెల్లగా చెప్పు." భర్త ఇల్పో సోఫాలోంచి తల తిప్పకుండా, "ఆ రోజు నాకు కుదరదని అమ్మకి చెప్పు. నువ్వు చెబితే నొచ్చుకోదు," అంటాడు. ఆవిడ నొచ్చుకుంటుంది. కాకపోతే హెల్కా చెవిలో నొచ్చుకుంటుంది. తన కొడుకు హాకీ జట్టు తల్లిదండ్రుల గ్రూపు కూడా, నీకు మనుషులంటే ఇష్టం కదా అని ఆమెకే అంటగట్టారు. ఇష్టమే. మోస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు. నియమం రాసేటప్పుడు తనూ ఏ ఫోన్‌నూ అడగలేదు.

సాయంత్రం దాకా కూర్చుని నియమం మార్చింది.

మర్నాడు శుక్రవారం, సమీక్షలో రైమో తెర మీద కొత్త నియమం అంకెలు చూసి కళ్లజోడు తీశాడు.

"సందేశాలు చేరడం ఎనిమిది శాతం నెమ్మదించింది. ఆఖరి నిమిషంలో ఇదేంటి హెల్కా? ప్రతి ఫోన్‌నీ మోస్తావా అని బతిమాలుకోవాలా?"

"బతిమాలక్కర్లేదు. అడిగితే చాలు. వద్దంటే వదిలెయ్యాలి."

"అడవిలో కాలు విరిగినవాడి కబురు కూడానా?"

"ప్రాణం మీదికొస్తే అడక్కుండానే మోస్తుంది. అదీ రాశాను, కిందికి జరిపి చూడు. ఈ మార్పు తీసేస్తే మాత్రం సమీక్ష పత్రం మీద నా సంతకం ఉండదు."

రైమో కిందికి జరిపాడు. చాలాసేపు చదివాడు.

"సరే. ప్రాణం మీదికి రాని కబుర్లున్నాయి, అందరూ వద్దన్నారు. అప్పుడెవరు చేరవేస్తారు?"

"పంపినవాళ్లే లేచి వెళ్లి చెప్పుకుంటారు," అంది హెల్కా.