సరిచూసినవారు

డబ్బీ మూత తీసి, గట్టిపడిన సున్నంలో నాలుగు చుక్కల నీళ్ళు పోసి, చూపుడువేలితో మెదుపుతూ త్రినాధరావు ఎదుటి అరుగు మీది ముసలమ్మ వైపు చూశాడు. కశింకోట దాటాక ఆటో దిగి, చేలగట్ల మీద మైలున్నర నడిస్తే వచ్చిన ఊరది. పొద్దున్న తొమ్మిదైనా మంచు ఇంకా పూర్తిగా విడలేదు.

అతను ఏ ఊళ్ళోనైనా అడిగేది ఒక్కటే ప్రశ్న.

"అమ్మా, నడిజామున ఎవులికైనా గుండినొప్పొచ్చిందనుకో. బండి ఎక్కడికి రావాల?"

ముసలమ్మకి ఆలోచన అక్కర్లేకపోయింది. నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఖాళీ జాగా చూపించింది. అక్కడైతే బండి తిరుగుతుందట, మంచం కూడా దించుకోవచ్చట. అతను వెళ్ళి ఆ జాగాలో నిలబడి, ఫోనులో చుక్క పెట్టి, పక్కనున్న రాతి మీద సున్నం వేలితో ఇంటూ గుర్తు గీశాడు. ఆ గీతతో కంపెనీకి పని లేదు. వయసులో ఉండగా సర్వేవాళ్ళ వెంట కొలత గొలుసు లాగినప్పటి అలవాటది. ఆ గొలుసు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. చొక్కా ఎప్పుడూ ఆ పక్కకే వాలుతుంది. యాభై ఎనిమిదేళ్ళ సన్నటి, పొడుగాటి మనిషి. ఎక్కడ నిలబడ్డా ఎవరికో దారిస్తున్నట్టు ఒదిగి నిలబడతాడు. డబ్బీ మాత్రం సర్వేవాళ్ళది కాదు. భార్య అప్పలకొండమ్మ ఆకూవక్కలోకి వాడుకున్న ఇత్తడి డబ్బీ.

వాళ్ళ కంపెనీ అనకాపల్లిలో, బెల్లం కొట్టు మేడ మీద రెండు గదులు. కింద దిమ్మల వాసన, పైన కంప్యూటర్లు. జిల్లాలో ప్రతి ఊరూ, ప్రతి శివారూ ఎక్కడుందో చెప్పే జాబితా తయారుచేస్తారు. ఒక ఆంబులెన్సుల యాప్ ఆ జాబితా మీదే నడుస్తుంది. వినడానికి ఎంత పనిలే అనిపిస్తుంది. జనాభా లెక్కల్లో ఊరి పేరుంటుంది గానీ చోటు ఉండదు. రెవెన్యూ పటంలో హద్దులుంటాయి, ఇళ్ళుండవు. ఉపగ్రహం ఇళ్ళ కప్పులు చూపిస్తుంది. ఆ కప్పుల కింద మనుషులున్నారో పశువులున్నాయో దానికేం తెలుసు? పైసా తీసుకోకుండా గీసిపెట్టే పుణ్యాత్ముల ఓపెన్ మ్యాపు ఒకటుంది, అందులో ఒకే ఊరు మూడు పేర్లతో మూడుచోట్ల కనబడుతుంది. ఏదీ తేలకపోతే ఊరి హద్దులకి నడిమధ్య చుక్క పెట్టేస్తారు. నడిమధ్య ఊరుండాలని ఎక్కడుంది? చాలాసార్లు అక్కడ చెరకు ఉంటుంది.

అందుకే త్రినాధరావు. అతను వెళ్ళి, కళ్ళతో చూసి, 'సరిచూసినవారు' అన్న గడిలో తన పేరు కొడతాడు. జాబితా పని చూసే సుప్రియ, ఇరవయ్యేడేళ్ళ పిల్ల, కొత్తగా చేరినవాళ్ళందరికీ చెబుతుంది, అంకుల్ పేరుంటే ఉపగ్రహం కూడా నోరు మూసుకోవాల్సిందేనని. ఒకప్పుడు ఆ మాటకి అతను పొంగిపోయేవాడు. పది నెలలుగా ఆ మాట చెవిన పడితే చాలు, మంచినీళ్ళకని లేచి బయటికి పోతున్నాడు.

రెండో ఊరు కూడా ముగించుకుని రోడ్డెక్కేసరికి సుప్రియ ఫోన్ చేసింది. సాయంత్రం ఐదింటికి జాబితాని అందరికీ తెరిచేస్తున్నారు. ఏ ఊళ్ళో ఎవరు సాఫ్ట్‌వేర్ రాసుకున్నా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. అన్నీ సరిపోయాయి గానీ ఒక్కచోట తేడా కొడుతోందంది.

"దాసరోళ్ళ కల్లాలు అంకుల్. ఇళ్ళు ఒకచోట కనిపిస్తున్నాయి, మన చుక్క చెరకు తోటలో ఉంది. మీరే సరిచూశారని ఉంది. మీ ఊరే కదా? మీరు సరే అంటే అలాగే ఉంచేస్తాను."

అతని చెవిలో సన్నగా రొద మొదలైంది. సరే అంటే అయిపోతుంది. ఇంకెవరూ అడగరు. ఆ చుక్క వంద జాబితాల్లోకి ఎక్కి, ఎవరి తప్పో ఎవరికీ తెలియని నిజమైపోతుంది. అతను సరే అనలేదు. వెళ్ళి చూసి చెబుతానన్నాడు.

షేరాటోలో వెనక, చెక్క మీద వేలాడుతూ కూర్చున్నాడు. రెండేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది. వెయ్యి పైచిలుకు ఊళ్ళు, కాళ్ళరిగేలా తిరిగాడు. ఏ ఊరినీ వదల్లేదు. దాసరోళ్ళ కల్లాలు దగ్గరికొచ్చేసరికి టీ గ్లాసు చేతిలో ఉంది. పుట్టిన ఊరు, రోజూ పడుకునే ఊరు, చూసేదేముందిలే అనుకున్నాడు. కుర్చీలోంచి లేవకుండానే గడిలో పేరు కొట్టేశాడు. హద్దుల నడిమధ్య పెట్టిన చుక్క అలాగే ఉండిపోయింది.

ఆ యాప్‌ని అప్పలకొండమ్మ ఫోనులో ఎక్కించింది కూడా అతనే. ఈ మీట నొక్కితే బండొస్తుందని చూపించాడు. ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం, అతను చోడవరం వైపు ఇంకేదో ఊరు సరిచూస్తుండగా ఆమెకి గుండెలో నొప్పొచ్చింది. మీట నొక్కింది. బండి చెరకు తోటలోకి పోయింది. ఇక్కడ తోట తప్ప ఇంకేమీ లేదండీ అని డ్రైవరు ఆమెకే ఫోన్ చేశాడట. ఊరు వెతుక్కుని వచ్చేసరికి నలభై నిమిషాలైంది. దినాలయ్యాక త్రినాధరావు ఇంటికి తాళం వేసి అనకాపల్లిలో చిన్న గది తీసుకున్నాడు. అందరూ జాలిపడ్డారు. ఆఫీసులో ఆమె గుండెపోటుతో పోయిందని మాత్రమే చెప్పాడు. తప్పు ఎవరిదో ఎవరికీ చెప్పలేదు. చుక్క మార్చాలంటే కారణం రాయాలి. దాసరోళ్ళ కల్లాలు అన్న వరస తెరమీద కనబడితే కిందికి జరిపేసేవాడు. రాత్రి గదిలో కళ్ళు మూసుకుంటే చెరకాకుల చప్పుడు. ఏ ఊళ్ళో ఆ ప్రశ్న అడిగినా, అక్కడివాళ్ళ కంటే ముందు చెవి పక్కనే ఒక ఆడగొంతు 'ఇక్కడికే' అనేది.

ముందు ఊళ్ళోకి వెళ్ళలేదు. ఫోను చూపించిన చోటికే నడిచాడు. డిసెంబరు చెరకు తలకి రెండు మూరలు పైకెదిగి ఉంది. ఆకులు చేతుల్ని కోస్తున్నాయి. కాసేపటికి తోట ఉన్నట్టుండి తెరుచుకుంది. మధ్యలో రెండు సాళ్ళ మేర, చంద్రవంకలా ఒంపు తిరిగి, బోడినేల. అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

తోట యజమాని ఎల్లాజీ, వరసకి బావమరిది, కత్తి పట్టుకుని గట్టు మీంచి వచ్చాడు. ఇతన్ని చూసి కత్తి కింద పెట్టాడు. తర్వాత నేల చూపించాడు.

"ఈడే తిరిగింది బావా, బండి. కొట్టేసిన తోట కదా, దుబ్బుల మీదకి ఎక్కేసింది. దుబ్బుల్నుంచి కార్శి పిలకంతా మొలిసింది గానీ ఈ రెండు సాళ్ళూ మొలవనేదు. మళ్ళీ సెరుకు ముచ్చి ముక్కలు నాటుదారనుకున్నాను. సెయ్యి రానేదు."

త్రినాధరావు వంగి ఆ నేల మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. పది నెలలుగా తను కళ్ళు మూసుకుంటే వినబడేది ఈ చోటే. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో లాగినట్టయింది. గొలుసు మోసిన చెయ్యి కదా, లాగుతూనే ఉంటుందిలే అనుకున్నాడు.

ఊళ్ళో ముప్ఫై ఇళ్ళు. తన ఇంటి తాళానికి తుప్పు పట్టింది. గుమ్మం పక్క గోడ మీద, మనిషి కూర్చుంటే చెయ్యి అందే ఎత్తున, సున్నం చారలు. ఆకుకి రాసుకున్నాక అప్పలకొండమ్మ వేలు తుడిచిన చారలవి. ఎన్ని దెబ్బలాటలయ్యాయో వాటి కోసం! గోడ పాడుచేస్తున్నావని అతను, గోడ నీదొక్కడిదేనా అని ఆమె.

పక్కింటి అచ్చియమ్మ, అప్పలకొండమ్మకి అక్క, చెంబుతో నీళ్ళిచ్చి అతని అరుగు మీద కూర్చుంది. భోంచేశావా అనడిగింది. లేదని చెప్పి, అతను అన్ని ఊళ్ళలో అడిగినట్టే అడిగాడు.

"ఒదినా, నడిజామున ఎవులికైనా గుండినొప్పొత్తే, బండి ఎక్కడికి రావాల?"

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"నీ గుమ్మం కాడికే. బండి తిరిగే సోటు ఊల్లో అదొక్కటే కదా." చెంబు పక్కన పెట్టి, చాలాకాలంగా దాచుకున్నది దించుకుంటున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "ఆ దినం ఎల్లాజీ ఆటో అట్టుకొచ్చేడు. ఎక్కవే అని నానూ ఆడూ ఎంత సెప్పినా ఎక్కనేదు. బండి వచ్చెత్తాది, మా ఆయన పెట్టిన గుర్తు, దారి తప్పదు అంది. ఇదిగో, ఇక్కడే కూకుండిపోయింది."

ఆ మాట అతనికి తెలియదు. బండి రాక చచ్చిపోయిందనే ఇన్నాళ్ళూ కుమిలిపోయాడు. ఆటో వాకిట్లో ఉండగా, తన పేరుని నమ్ముకుని కూర్చుందని తెలియదు. ముఖం గోడకి తిప్పుకున్నాడు.

"నాను సూడనేదు, ఒదినా. కుర్సీలో కూకుని పేరు కొట్టేసేను."

అచ్చియమ్మ తిట్టలేదు, ఊరడించనూ లేదు. "ఆ సంగతి దానికి తెలీకుండానే పోయిందిలే," అని లేచి అన్నం తేవడానికి ఇంట్లోకి వెళ్ళింది.

అతను తన గుమ్మం ముందు నిలబడి చుక్క జరిపాడు. 'మార్పుకు కారణం' అన్న గడిలో ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. 'మొదటిసారి నేను చూడకుండానే చూశానని రాశాను. ఆ చుక్కని నమ్మి బండి తోటలోకి పోయింది. నా భార్య చనిపోయింది. తప్పు నాది. ఇప్పుడు చూశాను.' కింద తన పేరు రాశాడు. పంపించేశాడు. పది నెలల తర్వాత చెవుల్లో చెరకాకుల చప్పుడు ఆగింది.

కాసేపటికి సుప్రియ జవాబొచ్చింది. యాప్‌లో కూడా మార్చేశానంది. అంకుల్, ఒక్కరే ఉండకండి, ఆఫీసుకి వచ్చేయండి అంది. నాలుగున్నరైంది.

అతను అరుగు మీద, ఆమె కూర్చునే చోటే కూర్చున్నాడు. డబ్బీ తీసి, సున్నంలో వేలు ముంచి, గోడ మీద ఆమె చారల పక్కన ఇంటూ గుర్తు గీశాడు. రెండో గీత కిందికి జారుతూ వెళ్ళి ఆగిపోయింది.

అచ్చియమ్మ కంచంతో వచ్చేసరికి అతను గోడకి ఒరిగి ఉన్నాడు. ఆమె కేకకి ఎల్లాజీ పరిగెత్తుకొచ్చి ఫోనులో మీట నొక్కాడు. ఆటో కోసం కూడా కబురు పెట్టాడు గానీ, అది వచ్చేలోపే బండి వచ్చేసింది. పన్నెండు నిమిషాలు. దారి చూపిద్దామని రోడ్డు మీదకి వెళ్ళిన మనిషి చెయ్యి ఎత్తకముందే అతన్ని దాటుకుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా, తిన్నగా త్రినాధరావు గుమ్మం ముందుకొచ్చి ఆగింది. దిగినవాళ్ళు నాడి చూసి, ఛాతీ నొక్కి, చాలాసేపు ప్రయత్నించి, తలలు దించుకున్నారు.

తుప్పు తాళం పగలగొట్టి, అతన్ని లోపలికి చేర్చి అందరూ అటే వెళ్ళారు. అరుగు మీద మూత తీసిన ఇత్తడి డబ్బీ ఉండిపోయింది, తడి ఆరని సున్నంలో ఒక వేలి గుర్తుతో.