దిగిరాని కాక్

అరుణజ్యోతి పొద్దున్నే వేణ్ణీళ్లలో ఉప్పు వేసుకుని పుక్కిలిస్తుంది. గ్లాసుడు మిరియాల చారు తాగి, ఫిలింనగర్‌లో తను అద్దెకుంటున్న వాటా మెట్లు దిగి, జూబ్లీహిల్స్‌లోని డబ్బింగ్ థియేటర్‌కి నడిచి వెళ్తుంది. అక్కడ చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెరమీద హీరోయిన్ పెదవి కదిపినప్పుడల్లా ఆ పెదవికి మాట అందిస్తుంది. తెలుగు రాని అమ్మాయిలు కెమెరా ముందు ఒకట్లూ రెళ్లూ లెక్కపెట్టి వెళ్లిపోయినా, వాళ్లు అలిగిన గొంతూ ఏడ్చిన గొంతూ అరుణజ్యోతిదే. "నువ్వంటే నాకిష్టం" అని ఎంతమంది హీరోలకి చెప్పిందో ఆమెకే గుర్తులేదు. సొంతానికి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నలభై దాటాయి, పెళ్లి కాలేదు. ఎవరైనా ఆ సంగతి కదిపితే "ఇంకా కాక్ దిగలేదండీ" అంటుంది. ఫిలింనగర్ వాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు.

మనకి చెప్పాలి. షేక్‌పేట వైపు దిగే వాలులో రేకుల షెడ్డు కింద ఒక షటిల్ కోర్టు ఉంది. తిరుమలేశ్ అనే ఆయన దాన్ని నడుపుతాడు. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం ఉదయం అక్కడ అరుణజ్యోతికీ, సినిమా ఎడిటర్ గోపాలకృష్ణకీ ఆట పడింది. సమానంగా వచ్చి వచ్చి ఆఖరి పాయింటు మిగిలింది. సర్వీస్ చెయ్యబోతూ గోపాలకృష్ణ, కాఫీ తాగుదామా అన్నంత మామూలుగా, "ఈ పాయింటు నాదైతే మనం పెళ్లి చేసుకుందామండీ" అన్నాడు. బెంచీ మీదున్నవాళ్లు ఈలలు వేశారు.

"మరి నాదైతే?" అంది అరుణజ్యోతి.

ఆయన జవాబు చెప్పకుండానే సర్వీస్ కొట్టాడు. ఆమె ఆ ఈకల కాక్‌ని రేకుల దాకా లేపింది. సరిగ్గా అప్పుడే బెంచీ మీద ఆమె ఫోను మోగింది. పెద్ద సినిమా, విడుదల దగ్గరపడింది, హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పే ఆవిడ గొంతు జలుబుతో మూగబోయింది, వెంటనే రమ్మన్నారు. అప్పటిదాకా గుంపు సీన్లలో అరుపులు తప్ప ఇంకే డబ్బింగూ దొరకని అరుణజ్యోతి చేతిలో బ్యాటుతోనే పరిగెత్తింది. ఆ సినిమాతో ఆమె గొంతు నిలబడిపోయింది. కాక్ కూడా నిలబడిపోయింది, గాల్లో, గోపాలకృష్ణ వెనకగీత పైన, ముక్కు కొంచెం కిందికి వంచి.

దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంకో కాక్ వెళ్లి దానికి తగిలితే ఆ పాయింటు మళ్లీ ఆడాలని తిరుమలేశ్ గోడమీద రాయించాడు. దసరాలో ఆయుధ పూజ నాడు బ్యాట్లకీ నెట్టు స్తంభాలకీ బొట్లు పెట్టాక, బూజుకర్ర చివర కుంకుమ అద్ది దానికీ ఒక బొట్టు పెడతాడు. గోపాలకృష్ణ రోజూ వచ్చి దాని కిందే ఆడతాడు. "అది అవుటేనండీ. గీత దాటి పడుతుంది, చూస్తూ ఉండండి" అని అందరికీ చెబుతాడు. అవుటైతే పాయింటు తనది కాబట్టి నిశ్చింతగా ఉన్నాడు, మళ్లీ నోరు తెరిచి అడిగే పనే పెట్టుకోలేదు.

అరుణజ్యోతికి మాత్రం అది లోపలేనని కొట్టినప్పుడే తెలుసు. తను గెలిస్తే ఏమిటన్నది ఆయన చెప్పలేదు. గెలిస్తే మనిషి దక్కడేమోనని భయం. పోనీ కావాలని ఓడిపోదామంటే ఆ పని ఆమెకి చేతకాదు. అందుకని ఆ వాలు వైపు వెళ్లడమే మానేసింది. ప్రివ్యూల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ నమస్కారాలు పెట్టుకుని తప్పుకునేవారు. ఆమె గొంతు వింటూ, దాన్ని అతికిస్తూ ఆయన పగళ్లన్నీ గడిపేవాడు. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు.

ఈ వేసవిలో ఒకరోజు తెరమీద హీరోయిన్ మేడమీద నిలబడి తండ్రిని గుక్కతిప్పుకోకుండా కడిగేస్తోంది. అరుణజ్యోతికి సగంలోనే ఊపిరి అయిపోయింది. మళ్లీ చేశారు, మళ్లీ అక్కడే ఆగింది. అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు వరప్రసాద్ నొచ్చుకుంటూనే చెప్పాడు.

"మేడమ్, గాలి పీల్చిన చప్పుడు రికార్డవుతోందండీ. ఏమీ అనుకోకండి, మీరు ఇదివరకు షటిల్ ఆడేవారట కదా? మళ్లీ మొదలుపెట్టకూడదూ?"

ఇంటికొచ్చి బీరువా పైనుంచి పాత బ్యాటు దించింది. పిడికి చుట్టిన పట్టీ పొడిపొడిగా చేతికంటుకుంది. అల్లిన తీగలు ఎప్పుడు తెగాయో, వాటంతటవే తెగి వేలాడుతున్నాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏడుపొచ్చింది. ఎవరి పెదవికీ అతకని ఏడుపు కనుక దాన్ని ఎలా ఏడవాలో కూడా తెలియలేదు.

మర్నాడు యూసుఫ్‌గూడలో ఓంప్రకాష్ ఆటసామాన్ల దుకాణానికి వెళ్లింది. ఓంప్రకాష్ బ్యాట్లు బల్లమీద పరిచాడు. ఆమె ఒక్కొక్కదాన్నీ అరచేత్తో తట్టి, కళ్లు మూసుకుని వింటూ పోయింది.

"దీని గొంతు కీచుగా ఉందండీ. ఇదేమో ముక్కుతో మాట్లాడుతోంది."

"అయ్యో మేడం, బ్యాటును చెవితోని కొంటరా ఎవరన్నా? చేతితోని కొనాలె. జర ఊపి చూడున్రి."

ఊపింది. మొదటిది తల బరువుది, కుర్రాళ్లు ఎగబడి కొనేది. మణికట్టు మెలితిరిగినంత పనైంది. రెండోది మరీ తేలిక, చేతిలో ఉందో లేదో తెలియడం లేదు. "చాన ఏండ్లకు ఆడుతున్నరు కదా, గిది పట్టున్రి, భుజం నొయ్యది" అంటూ ఓంప్రకాష్ మూడోది అందించాడు. బరువు పిడి దగ్గరుంది, తల తేలిగ్గా తిరిగింది. చెయ్యి తన చెయ్యిలాగే ఉంది.

"తీగలు ఎంత బిగియ్యాలె? ఊర్కెనే ఆడనీకైతే వదులుగ కడత. కాక్ దానంతటదే దూరం పోతది, గానీ ఏడ పడతదో చెప్పలేం. గెలవనీకైతే బిగువుగ కడత. మీరు ఎక్కడ అనుకుంటే గక్కడనే పడతది, చెయ్యికి కష్టం మాత్రం మీదే."

వదులుగా కట్టించుకుంటే తప్పు బ్యాటు మీదికి నెట్టి ఓడిపోవచ్చు. ఓడితే పెళ్లి. ఎంత సుఖమైన దారి! తర్వాత జీవితమంతా ఆయన "ఓడిపోయావు కాబట్టే కదా" అనకపోయినా తను అనుకుంటూనే ఉంటుంది.

"గెలవడానికే" అంది. "బిగువుగానే కట్టండి."

ఆమె కోర్టులో అడుగుపెట్టగానే తిరుమలేశ్ లేచి నిలబడ్డాడు. "ఏంది మేడం, తొవ్వ మర్చిపోయిన్రా ఇన్నేండ్లు?" అంటూ నవ్వి, కాక్ డబ్బా చేతికిచ్చాడు. గోపాలకృష్ణ అవతలి వైపు షూ లేసు కట్టుకుంటున్నాడు. జుట్టు పల్చబడింది. నమస్కారం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. పైకి ఎవరూ చూడలేదు.

మొదట్లో ఘోరంగా ఆడింది. ఎదుటివాళ్లు కొట్టబోతుంటే కాక్‌ని చూడాల్సింది పోయి వాళ్ల నోటివంక చూసేది. మైకు ముందు పడ్డ అలవాటు. ఎదుటి పెదవి కదిలితే తప్ప ఆమె ఒళ్లు కదిలేది కాదు. కాక్‌లు పక్కనుంచి దర్జాగా వెళ్లి పడేవి. "మేడం, ఆయన మూతిల ఏముంది? చేతిని చూడున్రి, చేతిని!" అని తిరుమలేశ్ నెత్తి కొట్టుకునేవాడు. మెల్లగా చూపు చేతిమీదికి దిగింది. కాళ్లు దారి గుర్తు తెచ్చుకున్నాయి. ఊపిరి లోపలికి వెళ్లి కాసేపు ఉండి రావడం నేర్చుకుంది.

ఆమె ఒక మంచి దెబ్బ కొట్టినప్పుడల్లా పైనున్న కాక్ జానెడు కిందికి దిగుతోంది. అందరూ చూశారు, ఎవరూ అనలేదు. రేకుల దగ్గరుండేది దీపాల కిందికి వచ్చింది. దీపాల కిందనుంచి తిరుమలేశ్ బూజుకర్ర అక్కర్లేనంత కిందికి వచ్చింది.

ఒక ఆదివారం ఎండ ఇంకా షెడ్డులోకి రాకముందే, ఆడుతున్నవాళ్లు ఆట ఆపి కోర్టు ఖాళీ చేసి గోడవారగా నిలబడ్డారు. ఎవరూ పిలవకుండానే గోపాలకృష్ణ తన వైపుకి వెళ్లాడు. అరుణజ్యోతి తన వైపు నిలబడి బ్యాటు పైకెత్తి పట్టుకుంది. తిప్పికొడితే అందుకోవాలి. గెలవాలని ఉంది, గెలిస్తే ఏమవుతుందోనన్న భయమూ ఉంది. కాక్ ముక్కు కిందికి తిప్పి, కుంకుమ మరకలతో, తీరిగ్గా దిగడం మొదలుపెట్టింది.

"కొట్టున్రి సార్!" అన్నాడు తిరుమలేశ్.

గోపాలకృష్ణ బ్యాటు ఎత్తాడు. వెనక్కి తిరిగి గీత చూశాడు. ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన మాట ఆయన చేతిని పట్టుకుంది. బ్యాటు దించి, పక్కకి జరిగి, "అవుట్" అన్నాడు.

కాక్ నేలకి తగిలి పక్కకి ఒరిగింది. తిరుమలేశ్ మోకాళ్ల మీద కూర్చుని, ముఖం నేలకి ఆనించినంత దగ్గరగా చూసి, తలెత్తాడు. "గీత మీదనే పడ్డది సార్. లోపలే."

గోపాలకృష్ణ వంగి గీతనీ కాక్‌నీ చూశాడు. ఒక్క దెబ్బ కొడితే సరిపోయేది. అంతకుముందు ఇన్ని ఉదయాల్లో ఏ ఒక్కనాడైనా ఒక్క మాట అడిగినా సరిపోయేది. "పాయింటు మీదేనండీ" అని, బెంచీ దగ్గరికి నడిచి బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"ఆగండి."

అరుణజ్యోతికి ఆ పైన మాట రాలేదు. ఎదురుగా తెర లేదు, కలుపుకోవడానికి పెదవి లేదు, కాగితం మీద ఎవరూ డైలాగు రాసివ్వలేదు. గోడవారనున్న వాళ్లంతా ఆమెనే చూస్తున్నారు. ఊపిరి నిండా పీల్చుకుంది.

"నాదైతే ఏమిటని అడిగాను. మీరు చెప్పలేదు."

"ఏం చెప్పాలో తెలియలేదండీ. మీరు గెలుస్తారని అనుకోలేదు."

"గెలిచాను. అందుకని నేనే చెబుతున్నాను. మనం పెళ్లి చేసుకుందాం. ఓడిపోయి ఒప్పుకోవడం కాదు ఇది, గెలిచి అడుగుతున్నాను. మీరంటే నాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే."

ఆ గొంతు కొంచెం బొంగురుగా ఉంది, చివర్లో వణికింది. ఏ సినిమాలోనూ ఎవరూ విన్న గొంతు కాదు. రోజంతా ఆమె గొంతుతోనే బతికే గోపాలకృష్ణ కూడా అది వినలేదు. బ్యాగు ఆయన భుజం మీంచి జారి కింద పడింది.

"సరేనండీ" అన్నాడు, వినీ వినపడనట్టు.

కోర్టు చుట్టూ తిరిగి రావాలంటే స్తంభం దాకా వెళ్లాలి. ఆయన అంతసేపు ఆగలేకపోయాడు. నెట్టు పైకెత్తి, నడుం వంచి, కిందనుంచి దూరి ఆమె వైపుకి వచ్చేశాడు.